మిగిలిపోయిన రాయి

లేవనంటే లేవదు. రాయికి వీపు ఆనించి, దిమ్మె అంచున కాళ్లు ముడుచుకుని కూర్చుంది నాగలత. ఆడమనిషిని చెయ్యి పట్టి లాగే ధైర్యం ఎదురుగా నిలబడ్డ నలుగురిలో ఎవరికీ లేదు, ఈ పూటకు ఆమెకున్న బలం అదొక్కటే. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండుకు ట్రస్టు చైర్మన్ ఓబుళరెడ్డి వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు. ఆలోగా రాయి తిరగాలి, దాని మీది పద్మం ముందుకు రావాలి, ఈ చెక్కని వెనకవైపు గోడకు పోవాలి. పొద్దున ఏడింటికి ఫోన్లో ఆయన చెప్పిన మాట ఇది. చెప్పి ఊరుకున్నాడా, ఎర్రగుంట్ల నుంచి చైన్ పుల్లీ ఇచ్చి మనుషుల్ని కూడా పంపించాడు. వాళ్ల మేస్త్రీ హనుమేష్ మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, పుల్లీ తగిలించి, గొలుసు రెండు చేతులా పట్టుకుని పెళ్లిలో దండ పట్టుకున్నవాడిలా ఎదురుచూస్తున్నాడు. "లెయ్యండి మేడం, మా పని మమ్మల్ని చేసుకోనీండి," అన్నాడు మూడోసారి. "నేను గూడా నా పనే చేస్తాండానన్నా," అంది నాగలత. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. హైదరాబాదులో చదువు, ఉద్యోగం కలిపి పన్నెండేళ్లు నోట్లోనే అణచిపెట్టిన ఊరి మాట, కోపం వచ్చేసరికి ఎవరూ పిలవకుండానే బయటికి వచ్చేసింది.

రాయి చల్లగా ఉంది. ఈ ఎండల్లో కడప మొత్తానికి చల్లగా ఉన్నది ఏసీ గదిలో పెట్టిన ఈ రాయి ఒక్కటే అయ్యుండాలి. కుడి భుజం కింద దువ్వెన గుర్తు గుచ్చుకుంటోంది, ఒక అడ్డగీత, దాని కింద ఐదు పళ్లు. గుచ్చుకోనీ. రెండేళ్లుగా ఇది గుచ్చుకుంటూనే ఉంది. పెన్నేటి ఒడ్డున ఏటిగడ్డపల్లెలో చెన్నకేశవస్వామి గుడి వరదకు పునాది కుంగి ఒక పక్కకు ఒరిగితే, రాయి రాయీ ఊడదీసి, కింద గట్టి పునాది పోసి, మళ్లీ అదే చోట నిలబెట్టారు. అదెలా జరిగిందో జనానికి చూపించడానికే ఈ మ్యూజియం గది, ఈ ఫోటోలు, అద్దాల పెట్టెలో నమూనా గుడి, రెండేళ్లు నాగలత చేసిన చాకిరీ. ఊడదీసేటప్పుడు ఇంజనీర్లు ప్రతి రాయికీ ఎర్ర పెయింటుతో నంబరు వేశారు. అక్కడిదాకా బాగానే ఉంది. నంబరు వేసింది దేని మీద? రాయి మీద కాదు, రాయిని కప్పేసిన సున్నం మీద. ప్రతి ఉగాదికీ ఊళ్లోవాళ్లు భక్తిగా కొట్టుకుంటూ వచ్చిన సున్నం, తాతల నాటి నుంచి పొర మీద పొర, వేలెడు మందం. తర్వాత పెద్దలెవరో చూడ్డానికి వస్తున్నారని కంట్రాక్టరు మనుషులు రాళ్లన్నిటినీ ఒళ్లు దాచుకోకుండా గీకి కడిగారు. సున్నం పోయింది, సున్నంతోపాటు నంబర్లూ పోయాయి. పదకొండువందల రాళ్లు తలంటు పోసుకున్నట్టు మెరుస్తూ ఎండలో పడున్నాయి, ఏది ఎక్కడిదో చెప్పే నాథుడు లేడు. ఫోటోలున్నాయి కదా అన్నారెవరో. ఫోటోల్లో ఉన్నది సున్నం, రాయి కాదు. ఆ పూట ఇంజనీర్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో తలుచుకుని నాగలత పైకే నవ్వింది. గొలుసు దగ్గరివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు, ఈమెకు ఏమైనా అయిందా అన్నట్టు.

ఏమీ కాలేదు. ఏమైనా అయితే ఆ పుస్తకానికి అయింది, అదిగో బల్ల మీద నిగనిగలాడుతూ ఉంది ట్రస్టువాళ్లు వేసిన పుస్తకం, ఆధునిక పరిజ్ఞానంతో అంగుళం తేడా లేకుండా పునర్నిర్మించారట. ఎవరు? కోసిగి వైపు నుంచి కూలికి వచ్చిన పన్నెండుమంది ఆడవాళ్లు. దొర్లించి, మోసి, రాళ్లను వరసగా పేర్చింది వాళ్లు. పక్కపక్క రాళ్లు దూరమైపోతే రేపు అడుగునున్న రాయి కోసం పైవన్నీ ఎత్తి దించాల్సింది మళ్లీ తామే కదా అని, ఎవరూ చెప్పకుండానే, గుళ్లో పక్కపక్కన ఉన్న రెండు రాళ్లకూ వెనకవైపు ఒకే గుర్తు చెక్కుకుంటూ పోయారు. ఎవరి చేతి మీద ఏ పచ్చబొట్టు ఉంటే ఆమె గుర్తు అది, జోడీ జోడీకీ ఒక గీత తేడా. తేలు, జొన్నకంకి, నెమలికాలు, దువ్వెన. వెనకవైపుకు సున్నం ఎప్పుడూ తగల్లేదు కాబట్టి గీకడమూ లేదు, గుర్తులు నిలిచాయి. "ఈ రాయికి ఆ రాయి వియ్యము పాపా, ఇంకేముండాది దాంట్లో," అంది పెద్దక్క, ఆ గుంపును నడిపిన మనిషి, నాగలత కోసిగికి పోయి రికార్డు చేసుకున్న రోజు. నాలుగు ముక్కల్లో తేల్చేసి చాటలో జొన్నలు చెరుగుకుంది. వియ్యాలు కలుపుకుంటూ పోయారు, ఎనిమిది నెలల్లో గుడి లేచింది. లేచాక చూసుకుంటే ఒక్క రాయి మిగిలింది. దాని మీద ఐదు పళ్ల దువ్వెన ఉంది, దానికి జోడీ దువ్వెన ఇంకే రాయి మీదా లేదు. దాని చోటు తెలియక మిగతావి కాస్త కాస్త జరిపి పేర్చేశారు, వరస చివర పడ్డ ఖాళీలో ఇది పట్టలేదు. ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చి, పైన రాతి రంగు కొట్టి, మిగిలిన రాయిని స్టోరు వెనక గోనెపట్టా కప్పి పడేశారు. నాగలత ఆ గోనెపట్టా ఎత్తిన రోజే ఈ ప్రదర్శన ఎక్కడ మొదలవ్వాలో తేలిపోయింది. గదిలో అడుగుపెట్టగానే ఈ రాయే, అదీ వెనకవైపే. తప్పు జరిగింది, తప్పును కూలికొచ్చిన ఆడవాళ్లు సరిదిద్దారు, ఒక్క రాయి మాత్రం వాళ్లకూ అందలేదు. ఇంత మంచి కథ చేతిలో పెట్టుకుని పద్మాలు చూపించమంటే ఎలా చూపించడం?

ఓబుళరెడ్డి చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే ఎప్పుడో తిట్టి వెళ్లిపోయేది. కమలాపురం దగ్గర తాతల నాటి పొలాలు, ఇప్పుడు కడపలో అపార్టుమెంట్లు, అయినా గుడి పని అంటే ఎండలో గొడుగు లేకుండా నిలబడతాడు, అమ్మా అని తప్ప పిలవడు, సైటుకు వెళ్లినప్పుడల్లా మజ్జిగ పంపిస్తాడు. మొదటిరోజు కూర్చోబెట్టి అడిగాడు, ఏ ఊరమ్మా, ఎవరి బిడ్డవు అని. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో నాగలతకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందుకే దారి తిప్పకుండా చెప్పేసింది, కోసిగి దగ్గర సార్, గిడ్డయ్య బిడ్డను, మా నాయన బేతంచెర్లలో రాళ్లు కొట్టేవాడు. ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, కష్టపడి శానా పైకి వచ్చినావమ్మా అన్నాడు. పైకి వచ్చేదానికి మమ్మల్ని కింద పెట్టిందెవరు సార్ అని అడిగి ఉండాల్సింది. అడగలేదు, టీ తాగింది. ఆ రోజు మింగిన మాట ఇంకా గొంతులోనే ఉంది. ఈ పొద్దున ఫోన్లో ఆయన గొంతులో మజ్జిగ లేదు. "దేవుని గుడికి ఒక రాయి తక్కువని ఊరికంతా చాటుతావామ్మా? రేపు పేపరోళ్లు ఏం రాస్తారో ఎరుకేనా నీకు?" అన్నాడు. వెనకాల అద్దం పెట్టాను సార్, పద్మం అద్దంలో చక్కగా కనిపిస్తుంది అని చెప్పింది. "దేవుని సొమ్ము అద్దంలో చూడాల్నా? కూలోళ్ల గీతలు ముందర, పద్మం ఎనక, ఇదేం పద్ధతి? తిప్పు. తిప్పకపోతే బోర్డు మింద నీ పేరుండదు, శ్రీశైలం దారిలో సత్రం పని గూడా మర్చిపో," అని పెట్టేశాడు. సత్రం పని. వందేళ్ల సత్రం, చెక్క స్తంభాలు, ఆరు నెలలుగా దాని బొమ్మలు గీసుకుంటోంది, కలలో కూడా అందులో తిరుగుతోంది. పోతే పోనీ అని అనడం సులువే. నిజంగానే కావాలి ఆమెకు ఆ పని. కావాలి కాబట్టే ఇంకా గట్టిగా ఆనుకుని కూర్చుంది.

కూర్చోవడం ఆమెకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఆరేళ్లప్పుడు బేతంచెర్ల గనిలో అమ్మ పొద్దున్నే ఒక బండ చూపించి, దీని మింద్నుంచి లేచ్చే కాళ్లిరగ్గొడతా అనేది. మందు పెట్టి పేల్చే చోటు, పిల్ల అటో ఇటో పోతే అంతే. పొద్దెక్కేకొద్దీ బండ కాలేది, పావడా మడతలు మార్చుకుంటూ, పిర్ర మార్చుకుంటూ, దూరంగా సుత్తులు లేచేదీ పడేదీ చూస్తూ రోజంతా అక్కడే. సుత్తి ముందు పడేది, చప్పుడు తర్వాత వచ్చేది, ఆ మధ్య ఖాళీలో ఏముంటుందో అని ఆలోచించేది. ఒకనాడు మేనేజరు జీపు దిగి వచ్చి, ఏయ్ లే, అది లోడుకు పోవాల్సిన బండ, మురికి చేస్తావా అన్నాడు. లేచింది. అమ్మ పరుగెత్తుకొచ్చి కొంగుతో ఆ బండను తుడిచింది, కూతురు కూర్చున్న చోటును కూతురి కళ్లముందే తుడిచింది, ఒక్క మాట అనకుండా ఆమెను ఇంకో బండ మీద కూర్చోబెట్టి పోయింది. నాగలతకు అవమానం అనే మాట అప్పటికి తెలియదు, కానీ ఆ కొంగు అటూ ఇటూ కదలడం ఈనాటికీ కళ్లకు కడుతుంది. నాయన కొట్టిన బండలు ఎన్ని ఇళ్లలో పరిచి ఉన్నాయో, హైదరాబాదులో ఎవరింటికి వెళ్లినా ముందు నేలనే చూసేది, నల్లబండ కనిపిస్తే చెప్పులు లేని కాలితో ఒకసారి రాసేది. ఏ బండ మీదా గిడ్డయ్య లేడు. చదువు చెప్పిన మేడం అనేది, ప్రదర్శన అంటే వస్తువును చూపించడం కాదు, చూసేవాడిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడం అని. తేల్చుకుంది మేడం. రాయి వెనక నిలబెడుతుంది, రాయిని మోసినవాళ్లు నిలబడిన వైపు. ఒక్కసారి, ఒక్క గదిలో, చెన్నకేశవుడికి కూడా ఇందులో అభ్యంతరం ఉంటుందని ఆమె అనుకోలేదు. అభ్యంతరాలన్నీ ఆయన పక్కన నిలబడేవాళ్లకే.

ఫోను మోగింది. పది ముప్పై అయిదు. పెద్దక్క గొంతు, వెనకాల ఆటోల చప్పుడు. "పాపా, రైలు దిగి వచ్చినాము. ఈడ గేటుకాడ వాచ్‌మన్ పాసులంటాడు. పాసులేమో మాకు తెల్దు, ఎండ మండిపోతాంది." నాగలతే పిలిచింది, పదకొండు మందిమే వస్తామంటే పదకొండు టికెట్లు కొని పంపింది, పాసులకు పేర్లు కూడా ఇచ్చింది, ఆ పేర్లు ఏ టేబుల్ దగ్గర ఆగిపోయాయో. వాచ్‌మన్‌కు ఫోన్ ఇవ్వమంది. లిస్టులో లేరు మేడం, మీరొచ్చి సంతకం పెట్టి తీసుకుపోండి అన్నాడు అతను, మర్యాదగానే. వచ్చి. అంటే లేవాలి. లేచి గేటుదాకా పోయి వచ్చేసరికి ఇక్కడ పద్మం పూసి ఉంటుంది. లేవకపోతే ఈ గది ఎవరి కోసమో వాళ్లే గేటు బయట ఎండలో నిలబడతారు, గుడి సంప్రోక్షణ రోజు ప్రహరీ బయట నిలబడ్డట్టే. ఒళ్లంతా మండిపోయింది నాగలతకు. ఎదురుగా హనుమేష్ గొలుసు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అతని వయసు యాభై దాటి ఉంటుంది, బొటనవేలు గోరు నల్లగా చచ్చిపోయి ఉంది, రాయి కింద పడ్డ వేలు.

"హనుమేషన్నా," అంది. "గేటుకాడ పన్నెండు మంది ఆడోళ్లుండారు, కాదు, పదకొండు మంది. ఈ గుడి రాళ్లు మోసినోళ్లు. నేను లేచ్చే నువ్వు రాయి తిప్పుతావు. నువ్వే పోయి పిల్చకరా."

హనుమేష్ ఆమెను చూశాడు, గడియారం చూశాడు, తన మనుషులను చూశాడు. "నేను పోతే మావోళ్లు తిప్పరా?" అన్నాడు.

"నువ్వు ల్యాకుండా వాళ్లు గొలుసు ముట్టుకుంటారా?"

ముట్టుకోరు. అది అతనికీ తెలుసు. కాసేపు గొణిగాడు, కడప ఎండనూ, మేడంలనూ, చైర్మన్లనూ కలిపి ఏదో అన్నాడు, గొలుసు స్టాండుకు చుట్టి, వెనక తలుపు నుంచి బయటికి పోయాడు. ఆ తలుపు నుంచి పోతే గేటుతో పని లేదు, సామాన్లు దించే దారి ఒకటుంది, ఆ సంగతి నాగలతకు తట్టనే లేదు. రెండేళ్లుగా ఈ బిల్డింగులో తిరుగుతూ ఆమె ముందు తలుపు మనిషి అయిపోయింది. ఎప్పుడు అయిందో గమనించుకోలేదు. ఆ ఆలోచన కొంచెం నొప్పించింది, పక్కన పెట్టింది, ఇప్పుడు దానికి తీరిక లేదు.

వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఏసీకి వణుకుతూ, ఒకరి వెనక ఒకరు. గోడల మీద తమ గుడి ఫోటోలు చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ముందు పెద్దక్క, తెల్లబడ్డ జుట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. "ఏమి పాపా, అట్ల రాయికి ఆనుకోని కూచున్యావు? కాళ్లు నొచ్చినాయా?" అంది. నాగలత నవ్వబోయింది, కుదరలేదు. కొంచెం పక్కకు జరిగి చూపించింది, ఇదిగో పెద్దక్కా, నువ్వు చెక్కిన గుర్తు, అందరికంటే ముందు ఇదే కనిపిస్తుంది, పక్కనే నీ పేరు కూడా రాయించాను అని. పెద్దక్క వంగింది. కళ్లు సరిగా ఆనక వేలితో తడిమింది, అడ్డగీత, ఐదు పళ్లు. తడిమిన వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది నాది గాదు గదా పాపా," అంది.

పెద్దక్క రవిక చెయ్యి పైకి లాగి మోచేతి కింద చూపించింది. తేలు. "నాది ఇది. దువ్వెన సిద్దమ్మది. పన్నెండు మందిమి పాయినాము గదా, దాంట్లో ఒగాయమ్మ. ఆ పొద్దు సలిజరము ఆయమ్మకి. ఈ రాయికి చెక్కి, పక్కదానికి రేపు చెక్కుతాలే అని ఉలి ఆడ్నే పెట్టి పండుకునె. తెల్లారి రైలెక్కిచ్చి ఊరికి అంపిచ్చిమి. మల్ల రాల్యా. వారానికి సచ్చిపాయ." వెనకనున్న వాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దీని జోడు యాడిదో సిద్దమ్మకు ఒగదానికే ఎరుక. అందుకే ఇది మిగిలిపాయ."

చేతి మీద బొమ్మే రాయి మీద చెక్కినామని పెద్దక్క చెప్పిన ఆ మాటను నాగలత నలభైసార్లు వినుంటుంది, రికార్డింగు చెవులకు పెట్టుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి, దాన్ని గోడ మీదికి కూడా ఎక్కించింది. ఒక్కసారి, ఒక్కసారైనా, ఆ చెయ్యి చూడలేదు. గుంపు పెద్ద పేరు రాసేస్తే గుంపంతా వచ్చినట్టే అనుకుంది. ఓబుళరెడ్డి పుస్తకంలో ట్రస్టు పేరు వేసి సరిపెట్టుకుంటే అరిచి గోల చేసిన మనిషి, తనే పెద్దక్క పేరు వేసి సరిపెట్టుకుంది. ఎంత సిగ్గు. ఇన్నాళ్ల పంతమంతా ఆ రెండు ముక్కల ముందు కుప్పకూలినట్టయింది, ఆయన మాట విని తిప్పేసి ఉంటే ఈ తప్పు బయటపడేది కూడా కాదు కదా అని ఒక పిరికి ఆలోచన వచ్చింది, వచ్చిందే తడవు దాని మీద ఎక్కడలేని కోపం వచ్చింది. అదే కదా వాళ్లందరూ చేసింది. తప్పు కనపడకుండా సిమెంటు పూసింది. పూయదు తను.

దిమ్మె పక్క గోడ మీద, చిన్నపిల్లల కంటికి అందేంత ఎత్తులో, అతికించిన అక్షరాలున్నాయి. ఈ గుర్తు చెక్కినది పెద్దక్క. కూర్చున్నచోటి నుంచే పక్కకు వంగి 'పె' కింద గోరు పెట్టింది నాగలత. రాదు. గట్టి జిగురు, తనే ఏరికోరి తెప్పించింది. గోరు విరిగింది, ఇంకో గోరు పెట్టింది, ఈసారి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. పెద్దక్క తన పేరు ఊడిపోవడం చూసి ఏమీ నొచ్చుకోలేదు. హనుమేష్ జేబులోంచి రాళ్ల మీద గీతలు గీసుకునే లావు నల్ల మార్కరు తీసి, మూత తీసి మరీ ఇచ్చాడు.

బయట డప్పులు మొదలయ్యాయి. కార్ల తలుపులు, దండలు, అద్దాల తలుపు దగ్గర కెమెరాల మెరుపులు. ఓబుళరెడ్డి తెల్లని పంచెలో లోపలికి వచ్చి, రాయిని చూసి, పుల్లీని చూసి, ఆడవాళ్లను చూసి ఆగిపోయాడు. వెనకవాళ్లు ఆయన వీపుకు గుద్దుకున్నారు.

"ఏం హనుమేషూ, ఇంకా తిప్పలేదా?"

"ఈడ పని జరుగుతాంది సార్," అన్నాడు హనుమేష్, గొలుసు వైపు చెయ్యి కూడా చాపకుండా.

"ఏమ్మా నాగలతా. ఇంతమంది పెద్దోళ్లు వచ్చినా లెయ్యవా?"

గొంతులో రెండేళ్లుగా ఇరుక్కున్నది ఇప్పుడు ఇరుక్కోలేదు. "పేరు తప్పు రాసినా సార్. నా తప్పే. దిద్దుతాండా. అయినంక మాట్లాడదాం," అంది, గోడ వైపే చూస్తూ. అక్షరాలు వంకరగా వచ్చాయి, సిద్దమ్మ. అంతటితో ఆపబోయి ఆగింది. "పెద్దక్కా, సిద్దమ్మ ఇంటిపేరేమి?"

పెద్దక్క చైర్మన్‌ను ఒకసారి ఎగాదిగా చూసింది. చెప్పులు కింద పెట్టి, అమ్మా అని మోకాళ్లు పట్టుకుని, దిమ్మె అంచున నాగలత పక్కనే కూలబడింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆ తర్వాత మిగతావాళ్లు, రాయి చుట్టూ చోటున్నచోటల్లా కూర్చున్నారు.

"గువ్వలోళ్లు," అంది పెద్దక్క. "గువ్వల సిద్దమ్మ. ఊరి పేరు గూడా రాయి పాపా, ఆయమ్మ శానా దూరమునుంచి వచ్చె."

ఓబుళరెడ్డి నిలబడే ఉన్నాడు. నాగలత ఇంటిపేరు ముందు ఇరికించి రాసి, మార్కరు ఒకసారి విదిలించి, ఊరి పేరు మొదలుపెట్టింది.